కంజూస్‌ను కంజూస్ అనుడెట్ల: వరంగల్ దిక్కు పిసినారి మాటలు, వాటి వాడకం

చెయ్యి గట్టిగున్న మనిషిని ఏమనాలె అనే ముచ్చట ఒక్క మాటతోని తెగేది కాదు. ఏది పెట్టలేదు, ఎవరికి పెట్టలేదు, అది పెట్టాల్సిన కాడనా కాదా అని చూసుకున్నంకనే మాట ఎంచుకోవాలె. వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు, కరీంనగర్ దిక్కు ఈ పట్టింపు మస్తుగ ఉంటది. పది రూపాయల ఆటో ఎక్కకుండ బస్టాండు దాక నడిచిపోయేటోన్ని ఎవ్వలు ఏమనరు. ఇంటి ఆడబిడ్డ పండుగకొస్తే జాకెట్ ముక్క పెట్టకుండ తోలిచ్చినోన్ని మాత్రం వాడకట్టంత అంటది. రెండు కాడల మిగిలింది పైసలే. కని మొదటిది వాని సొంత ముచ్చట, రెండోది వరుస ముచ్చట.

కొత్తగ ఈ దిక్కు కోడలిగ వచ్చినోళ్లకు, కొలువు మీదనో చదువు మీదనో వచ్చినోళ్లకు, కథల, షార్ట్ ఫిలింల మాటలు రాసేటోళ్లకు, పట్నంల పెరిగి అవ్వ మాటలు మరిచినోళ్లకు పనికొచ్చేటట్టు ఇక్కడ విడమరిచి చెప్పినం.

ముందుగాల వాడు పిసినారేనా, చూడాలె

బయటికెళ్లి చూస్తే నలుగురు ఒక్క తీర్గనే కనపడ్తరు: లేనోడు, ఇగురంగల్లోడు, కంజూస్, కక్కుర్తోడు. ఒకని మాట ఇంకొకనికి తగిలిచ్చినప్పుడే కొట్లాట అయితది.

లేనోన్ని కంజూస్ అనుడు అన్నిటికన్న పెద్ద తప్పు. ఎల్లనోని ఇంట్ల చాయ్ పొయ్యలేదంటే అది లేమి. అక్కడ పరాశికానికి, అంటే నవ్వులాటకు కూడ నోరు తెరువొద్దు. ఈ ఒక్క తప్పుకు మాఫీ దొరుకుడు కష్టం.

ఇగురం అంటే పొయ్యి మీద దగ్గరికి ఉడికే ఇగురు అనుకునేరు. ముందుచూపు, ఒడుపు, ఉన్నదాన్ని ఎంతల ముగించాల్నో తెలిసిన తెలివి, ఈ మూడు కలిస్తే ఇగురం. "ఆమె ఇగురంగల్ల మనిషి, ఉన్నదాంట్లనే ఇద్దరు బిడ్డల పెండ్లిల్లు చేసింది" అంటే అది పెద్ద మెప్పు. "జర ఇగురంగ ఖర్చు పెట్టు" అని తల్లి కొడుకుకు చెప్తే అది బుద్ధిమాట. పుస్తకాల రాసే పొదుపు అనే మాట ఈ దిక్కు నోట్ల తక్కువ. పొదుపు అనంగనే మహిళా సంఘం, నెల నెల కట్టే కిస్తు యాదికొస్తయి.

ఇంకోటి, కడుపు కట్టుకునుడు. "కడుపు కట్టుకోని కూడబెట్టిండు" అంటే తినకుండ, తాగకుండ పిల్లల కోసమో, రెండెకరాల భూమి కోసమో దాచిండని. ఇందుల మెప్పు సగం, జాలి సగం ఉంటది. ఇసోంటోన్ని పిసినారి అంటే వాని పిల్లలే తిరగబడ్తరు.

ఎట్ల తేల్చాలె అంటే, వాడు తన మీద తను ఎట్ల ఖర్చు పెట్టుకుంటడో చూడాలె. అటెంక పక్కోని ఖర్చుల ఎట్ల మెలుగుతడో చూడాలె. తనకు తక్కువ పెట్టుకోని పక్కోళ్లకు పెట్టేటోడు ఇగురంగల్లోడు. తనకు పెట్టుకోడు, ఎదుటోనికి పెట్టడు, వాడు కంజూస్. తన కాడ ముడి ఇప్పకుండ ఎదుటోని దావత్‌ల రెండోసారి మాంసం బొక్కలు ఏయించుకునేటోడు కక్కుర్తోడు, లేకపోతే ఫుకట్‌గాడు. తను మంచిగ తిని, మంచిగ కట్టుకోని, ఇంటోళ్లకు మాత్రం లెక్క చెప్పేటోనికి ఈ మాటలేవీ సరిపోవు. వాన్ని "తన కడుపు చూసుకునేటోడు" అనాలె. అది పిసినారి కన్న బరువైన మాట.

ఒక్క గీత యాదుంచుకుంటే సగం తప్పులు తప్పుతయి. పిసినారి, కంజూస్ అనేయి ఇచ్చే చేతికి సంబంధించినయి. కక్కుర్తి, ఆశపోతు, ఫుకట్ అనేయి తీసుకునే చేతికి సంబంధించినయి. పుణ్యానికి వచ్చిన అరటిపండ్లు సంచిల ఏసుకునేటోన్ని కంజూస్ అంటే ఇనేటోళ్లకు అతకది.

కంజూస్: ఎక్కువ నడిచే మాట, వాడే తీరు

ఉర్దూ, తెలుగు ఒక్క వాకిట్ల తిరిగిన జాగ గనుక కంజూస్ ఇక్కడ పరాయి మాట లెక్క అనిపియ్యది. పలికేటప్పుడు చివరికి "సు" సాగదియ్యొద్దు. కంజూసు అని పూర్తిగ పలికితే బయటినుంచి వచ్చినోళ్లని ఎరుకైతది. స్ దగ్గరనే ఆగాలె.

ఈ మాటను మనిషికి తగిలియ్యొచ్చు, పనికి తగిలియ్యొచ్చు. ఎంత వేడి పుట్టాల్నో అక్కడనే తేలుతది. "కంజూస్ చెయ్యకు బావా, ఇంకో ప్లేట్ చెప్పు" అంటే తప్పు ఆ పూటకే. బావ నవ్వుతడు, ప్లేట్ చెప్తడు. "నువ్వు కంజూస్" అంటే తప్పు మనిషికి అంటింది. "కంజూసోడు" అంటే అది ముద్ర, పేరుకు ముందల ఎక్కి కూసుంటది. ఆడోళ్లను "కంజూస్‌ది" అనొద్దు, అందుల మర్యాద ఉండది. "కంజూస్ మనిషి" అంటే మొగోళ్లకు, ఆడోళ్లకు, పెద్దకు, చిన్నకు అందరికి సరిపోతది. కొత్తగ నేర్చుకునేటోళ్లు మొదటి ఆర్నెల్లు "కంజూస్ చెయ్యకు" అనే దాంతోనే గడిపితే మంచిది.

దీనికి తోక మక్కీచూస్. మక్కీ అంటే ఈగ, చూస్ అంటే చీకుడు. నెయ్యిలనో చాయ్‌లనో పడ్డ ఈగను తీసి పారేసే ముందల దానికంటిన నెయ్యి పోతదని చీకి పారేసేటోడు. "కంజూస్ మక్కీచూస్" అని జంటగ పిల్లలు పాడినట్టు అంటరు, అప్పుడు కోపం రాదు. పెద్దోడు నెమ్మదిగ, ఒక్క మక్కీచూస్ మాటనే అంటే మాత్రం అందుల అసహ్యం ఉంటది. ఈగ బొమ్మ కండ్ల ముందట కదుల్తది మరి.

వరంగల్ మండిబజార్ అసోంటి జాగల "చమ్డీ జాయె, దమ్డీ న జాయె" అనే ఉర్దూ సామెత తెలుగోళ్ల నోట్ల కూడ ఇనపడ్తది. తోలు పోయినా మంచిదే గని దమ్డీ, అంటే చిన్న నాణెం, పోవద్దు అని. పైసల కోసం పాణం మీదికి తెచ్చుకునేటోనికే ఇది. జరమొచ్చినా దవాఖానకు పోకుండ మూడు రోజులు ముసుగుతన్ని పన్నోనికి అతికినట్టు సరిపోతది. చాయ్ తాపియ్యనోనికి ఇది ఎక్కువైతది.

పిసినారి, దాని చుట్టాలు

పిసినారి అనే మాట కంజూస్ కన్న ఒక మెట్టు పైన. కంజూస్ దోస్తుల నడుమ ఊకె పొర్లుతది గనుక దాని పదును తగ్గింది. పిసినారి తీర్పు చెప్పినట్టు ఉంటది, అందుకనే ఎక్కువగ మనిషి లేనప్పుడు అంటరు. పిసినాసి అని కూడ ఇనపడ్తది, అర్థం అదే. పిసినిగొట్టు అంటే అర్థం కాక కాదు గని ఇక్కడ అది పుస్తకం వాసన కొడ్తది. లోభి అనేది పురాణం చెప్పేటోళ్ల మాట. నోట్ల మాత్రం "లోభికి ఖర్చెక్కువ" అనే సామెతలనే మిగిలింది. కృపణుడు అంటే బడిల తెలుగు సారు తప్ప ఎవ్వలు అనరు.

"లోభికి ఖర్చెక్కువ" ఎక్కడ పడ్తదో చూడాలె. అగ్గువకు వచ్చిందని పేరు లేని స్టార్టర్ పెట్టిండు. కరెంటు ఎక్కువ తక్కువ అయినప్పుడు అది ఆగలేదు, బాయి మోటరు కాలింది. మోటరు పైకి గుంజనీకి కూలి, వైండింగ్‌కు పైసలు, ఆ నాలుగు రోజులు నీళ్లు లేక వాడిన మిరప తోట. ఇదంత లెక్కగట్టి చివరికి నెమ్మదిగ "లోభికి ఖర్చెక్కువ" అనాలె. లెక్క చెప్పకుండ ముందే సామెత ఇసిరితే పస ఉండది.

దీనితోని చాలమంది కలగాపులగం చేసేది "చారాణ కోడికి బారాణ మసాల". ఇది పిసినారి సామెత కానే కాదు. 25 పైసల కోడికి 75 పైసల మసాల, అంటే అసలుకు మూడంతల కొసరు ఖర్చు. వెయ్యి రూపాయల పాత ఫోన్‌కు రెండు వేలు పెట్టి డిస్‌ప్లే ఏయించినోన్ని అనాలె. పిసినారిని దీనితోని తిడితే సామెత తెల్వదని తెలిసిపోతది.

అన్నిటికన్న మెత్తనిది "చేతులు రావు". "ఆయనకు ఉన్నయి, పెట్టనీకే చేతులు రావు" అంటే చెడ్డోడని అన్నట్టు కాదు, చెయ్యి ఆడక ఊకున్నడన్నట్టు ఉంటది. పెద్దోళ్ల గురించి, కొలువు కాడ పెద్దసారు గురించి, వియ్యంకుని గురించి మాట్లాడాల్సి వస్తే ఇదొక్కటే గతి.

కాకి, పిల్లి, గడ్డివాము కాడి కుక్క

"ఎంగిలి చేత్తోని కాకిని గూడ కొట్టడు" అనే సామెతను అందరు అంటరు గని లోపట ఏమున్నదో చూసేటోళ్లు తక్కువ. పెరుగన్నం కలిపిన చెయ్యి ఒకసారి చూడాలె. ఏళ్ల సందుల నాలుగు మెతుకులు అంటుకోని ఉంటయి. వాకిట్ల కూసోని తింటుంటే కాకి వచ్చి గోడ మీద వాలి పళ్లెం దిక్కే చూస్తది. ఉష్ అని చెయ్యి ఇసిరితే కాకి పోతది, నిజమే. ఆ ఇసురుకు మెతుకులు కూడ రాలుతయి. వాటిని కాకి తింటదేమోనని వాడు చెయ్యే లేపడు. కాకి కూర ముక్క ఎత్తుకపోతదన్న భయం కన్న రాలే మెతుకుల మీద పాణం ఎక్కువ. ఎడమ చేత్తోని కొట్టొచ్చు కదా అని అడిగేటోళ్లు ఉంటరు. వాళ్లకు ఈ సామెత చెప్పుడే దండగ.

ఇందుల బరువు మోసేది "గూడ" అనే చిన్న మాట. అది తీసేసి "ఎంగిలి చేత్తోని కాకిని కొట్టడు" అంటే ఏదో శుభ్రం గురించి చెప్పినట్టు అయితది. చదువు మీద వచ్చిన పిల్లలు ఎక్కువగ ఇక్కడనే తప్పుతరు.

"పిల్లికి బిచ్చం పెట్టడు" దీనికి అన్న వరుస. పిల్లి గిన్నె పట్టుకోని రాదు, గింజలు అడగది, అడుగున మిగిలిన ఇన్ని పాలు చాలు. అది కూడ పెట్టడని. పేదోళ్లకు పెట్టనోనికి, చందాలకు వచ్చినోళ్లను వాకిట్లకెల్లే తోలేటోనికి ఇది సరిపోతది. వినాయకచవితి చందా కాడ ఎక్కువగ ఇనపడ్తది.

గడ్డివాము కాడి కుక్క వేరే జాతి. కుక్క గడ్డి తినదు, తినే బర్రెను రానియ్యది. తాను వాడని జాగను, తాను తోలని ట్రాక్టరును, తాళమేసిన అర్రను ఇంకొకరికి ఇయ్యనోనికి ఇది తగుల్తది. అది పిసినారితనం కన్న ఓర్వలేనితనం కిందికి వస్తది. పైసల కాడ ఇది వాడొద్దు. "అమ్మ పెట్టది, అడుక్క తిననియ్యది" కూడ ఈ గుంపులదే.

ఏ పైస పేరు పెట్టాలె

"ఇయ్యడు" అనే మాట ముందల ఏ నాణెం పెడ్తే ఎంత కాటు ఏస్తదో తెలిసుండాలె. నాణెం ఎంత చిన్నదైతే తిట్టు అంత పెద్దది. "వాడు వెయ్యి రూపాయలు ఇయ్యడు" అంటే అందుల తిట్టు లేదు, ఎవ్వలిస్తరు? "గుడ్డి గవ్వ ఇయ్యడు" అంటే పూర్తి తిట్టు. పలిగిన గవ్వకు సంతల కూడ ఇలువ లేదు, అది కూడ వాని చేతుల నుంచి జారదు. ఎర్ర ఏగాని అన్నా అదే దారి, రాగి నాణెం గనుక ఎర్రది.

చారాణ, ఆటాణ, బారాణ మాత్రం లెక్కల మాటలు. రూపాయికి 16 అణాలు ఉన్నప్పటియి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసలు అయినంక చారాణ అంటే 25 పైసలు, ఆటాణ 50, బారాణ 75 అని కుదురుకున్నయి. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటు కాకుండ పోయినయి. చారాణ బిళ్ల చూడని పిల్లలు కూడ "చారాణ లెక్క చేస్తడు" అంటనే ఉన్నరు. ఇయ్యనోన్ని తిట్టనీకి గవ్వ, దమ్డీ వాడాలె. చిన్న చిన్న లెక్కలు తీసి సతాయించేటోన్ని తిట్టనీకి చారాణ వాడాలె. ఇవి తారుమారు చేస్తే అర్థమైతది గని రుచి పోతది.

కొలతల కూడ ఇదే సూత్రం. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. అంటే మానికల గిద్ద పదహారో వంతు. "ఆడబిడ్డకు ఒడిబియ్యం గిద్దతోని కొలిచినట్టు పోసింది" అంటే ఇంక ఏ తిట్టు అక్కరలేదు. ఒడిబియ్యం దండిగ పొయ్యాల్సిన కాడ చిన్న కొలత పేరు వచ్చింది, అంతే.

ఎవరిని అనొచ్చు, ఎవరిని అనొద్దు

వరుస చూడకుండ ఈ మాటలు ఇసురొద్దు. పరాశికం వరుసలు ఉంటయి: బావ బామ్మర్దులు, వదినె మరదండ్లు, మేనమామ మేనల్లుండ్లు. వీళ్లు ముఖం మీదనే అనుకోవచ్చు, అనుకోకపోతేనే ఏదో మనసుల పెట్టుకున్నరని అనుమానం వస్తది. "ఏంది బావా, జేబుకు తాళమేసుకోని వచ్చినవా?" అంటే బావ "నీ అక్క కాడ ఉన్నది తాళంచెవి" అంటడు. ఆడికి ముచ్చట ఒడిసింది.

పెద్దబాపు, చిన్నాయిన, అత్తమ్మ, పిల్లనిచ్చిన మామ, వియ్యపోళ్లు, వీళ్ల ముందట కంజూస్ అనే మాట రావొద్దు. వాళ్ల గురించి ఎనుక చెప్పాల్సి వచ్చినా "మా పెద్దబాపు పైస ఇలువ తెలిసిన మనిషి" అని, "తెలిసిన" కాడ జర ఆగి చెప్తే చాలు. ఇనేటోళ్లు నవ్వుకుంటరు, మాట మీద పడది. అల్లున్ని కూడ అనొద్దు. ఇంటల్లున్ని అత్తగారింట్ల పిసినారి అంటే పండుగ చెడ్తది.

సంబంధం చూసేటప్పుడు ఈ మాటలకు వేరే ఇలువ ఉంటది. "మనుషులు ఎట్లాంటోళ్లు?" అని అడిగితే "జర లెక్క మనుషులు" అని జవాబు వస్తే కాళ్లు ఆగుతయి గని సంబంధం ఆగది. "పెట్టుపోతలు తెల్వనోళ్లు" అని వస్తే పిల్ల తల్లి లేచి లోపటికి పోతది. పుట్టింటోళ్లు, అత్తగారోళ్లు పండుగకు, పురుడుకు, పెండ్లికి పెట్టుకునే బట్టలు, కట్నాలు అన్ని కలిపి పెట్టుపోతలు. అవి తెల్వదంటే మనుషుల ఇలువే తెల్వదని లెక్క. ఈ మాటను ఉత్తుత్తగ వాడొద్దు, ఒక పెండ్లిని ఆపే బలం ఉన్నది దీనికి.

కూరగాయలమ్మే అవ్వతోని మాట్లాడేటప్పుడు "అవ్వా, కొసరు ఏదే? కల్యామాకు ఒక రెమ్మ ఎయ్యి, కంజూస్ చెయ్యకు" అనొచ్చు. పావుకిలో టమాటకు పది నిమిషాలు బేరం చేసి అటెంక అదే మాట అంటే అవ్వ తిరిగి అనే మాటలు ఇక్కడ రాసేటియి కావు.

జాగను బట్టి మాట

చాయ్ కాడ. ఇద్దరు కలిసి వన్ బై టూ చెప్తే దాన్ని కంజూస్ అనొద్దు, అది అలవాటు. బిల్లు వచ్చేటప్పుడే ఫోన్ వచ్చినట్టు బయటికి పోయేటోడు, స్కానర్ ముందట నిలవడి "సర్వర్ పని చేస్తలేదు" అని నెల దినాలుగ చెప్పేటోడు అసలు మనిషి. వానికి "వీని సర్వర్ పుట్టినప్పటి నుంచి డౌనే" అంటే సరిపోతది. పాత రోజుల్ల అయితే "జేబుల పెట్టిన చెయ్యి బయటికి రాదు" అనేటోళ్లు, ఇప్పుడు కూడ అది నడుస్తది.

దసరా కాడ. జమ్మి ఆకును బంగారమని చేతుల పెట్టి కాళ్లు మొక్కుతే పెద్దోళ్లు పిల్లల చేతుల ఎంతోకొంత పెడ్తరు. పెట్టనోన్ని పిల్లలే అంటరు: "మామకు బంగారం పెడ్తె, అదే ఆకు తిరిగి నా చేతుల పెట్టిండు." పిల్లల నోట్ల ఇది ముద్దుగ ఉంటది. పెద్దోళ్లు అంటే మాత్రం లెక్క అడిగినట్టు అయితది.

పెండ్లి కాడ కట్నం రాసే పుస్తకమే సాక్ష్యం. 116, 516, 1116 అని రాస్తరు. ఎంత రాపిచ్చిండన్నది ఒక్కటే చూడొద్దు, వాని పెండ్లికి మనం ఎంత పెట్టినమో పాత పుస్తకం తీసి చూడాలె. పదేండ్ల కింద మనం 516 పెడ్తె ఇప్పుడు వాడు కూడ 516 పెట్టిండంటే లెక్క సరే, మనసు చిన్నది. "పెట్టినంతే పెట్టిండు" అంటరు. ఈ రెండు మాటల ఎంత ఎక్కసం ఉన్నదో బయటోళ్లకు పట్టది.

మేడారం జాతర కాడ నిలువెత్తు బంగారం మొక్కుంటది. బంగారం అంటే బెల్లమే, మనిషి ఎత్తు బరువు తూచి అమ్మవార్లకు ఇస్తరు. "తక్కెడ ఎక్కే ముందల జేబుల సెల్లు, చిల్లర తీసి పక్కన పెట్టిండు" అని ఒకన్ని అంటే నవ్వని మనిషి ఉండడు. దేవతకు ఇచ్చే కాడ కూడ ఆ నాలుగు తులాల బెల్లం మిగులబట్టుకున్నడని.

సొంతంగ మాట కట్టుడు

తయారు మాటలు అందరి నోట్ల ఉన్నయే. మాట కొత్తగ ఉంటేనే నవ్వొస్తది. దీనికి మూడు పార్టులు కావాలె: పుణ్యానికి దొరికేదో, ఇలువ లేనిదో ఒక వస్తువు; దాన్ని అడగనీకి పూర్తి హక్కున్న మనిషి; చివరికి "గూడ"తోని "ఇయ్యడు", "పెట్టడు", లేకపోతే "లెక్కబెట్టి ఇస్తది".

"తంగేడు పువ్వు గూడ లెక్కబెట్టి ఇస్తది" అనే మాట చూడాలె. బతుకమ్మ పేర్చనీకి పక్కింటామె నాలుగు పువ్వులు అడిగింది. తంగేడు ఎవ్వలు పెంచరు, గట్ల మీద, గుట్టల మీద ఊకెనే పూస్తది, కోసుకున్నోళ్లకు కోసుకున్నంత. దాన్ని లెక్కబెట్టి ఇచ్చిందంటే ఇంక గునుగు, బంతి, చామంతి సంగతి చెప్పేదే లేదు. బంతిపువ్వు పెట్టి ఇదే మాట అంటే పండది. బంతి దసరాకు పిరమైతది, లెక్కబెట్టుడుల తప్పేమున్నది?

క్రియ కాడ పైలం. "ఇయ్యలే" అంటే ఆ ఒక్కసారి ఇయ్యలేదని, "ఇయ్యడు" అంటే ఎప్పటికి ఇయ్యడని. మొదటిది సంగతి, రెండోది స్వభావం. మన కోపం ఒక్క పూటదైతే "ఇయ్యలే" కాడనే ఆగాలె. "బరాత్‌ల బ్యాండోనికి పది రూపాయలు గూడ ఇయ్యలే మా బామ్మర్ది" అంటే నవ్వుకోని మరిచిపోతరు. "ఇయ్యడు" అంటే వాని పెండ్లి దాక ఎంబడి వస్తది.

తప్పిపోయే కాడలు

జిడ్డు అంటే పిసినారి అనుకుంటరు కొందరు. జిడ్డు అంటే వదలకుండ సతాయించేటోడు. పైసలకు దానికి సంబంధం లేదు. ముక్కు పిండి వసూల్ చేసుడు కూడ వేరే, అది రావాల్సిన బాకీని వదలకపోవుడు. మిత్తి వ్యాపారం చేసేటోడు ముక్కు పిండి వసూల్ చేసి ఊరంతకు దావత్ ఇయ్యొచ్చు, వాన్ని కంజూస్ అనలేం.

"శవాల మీద పేలాలు ఏరుకునేటోడు" అనే మాట గిచ్చులాటకు వాడొద్దు. ఎదుటోని చావుల, కష్టంల లాభం చూసుకునేటోనికే అది. దావత్ ఇయ్యలేదని దోస్తును ఇట్లంటే దోస్తానా అక్కడికే సరి. ఆడోళ్ల మీద "పిసినారి" ఎనుక కొందరు తగిలిచ్చే "ముండ" కూడ వద్దు, తాళి తెగిన బతుకును తిట్టు చేసిన మాట అది. కులం పేరు పెట్టి పిసినారితనం చెప్పే సామెతలు కూడ మస్తున్నయి. అవి వాడకున్నా మాటలకు కరువు లేదు, పైన చూస్తనే ఉన్నరు కదా.

పొరపాటున మాట జారితే "ఊకెనే అన్న, పరాశికానికి అన్న" అని ఎంటనే అనాలె. ఒక్క రోజు ఆగినా అది చల్లారది, గట్టిపడ్తది. ఎంటనే చాయ్ చెప్పాలె, బిల్లు కూడ మనమే కట్టాలె. అక్కడ బిల్లు కాడ జేబు తడుముకుంటే ఇంక మాఫీ అడుగుడు దండగ.

మనల్ని అంటే? కోపానికి పోతే పేరు ఖాయమైతది. "అవును, కంజూస్‌నే, నీ పెండ్లికి దాస్తున్న" అని పెండ్లి కానోనికి, "నీ అసోంటోళ్లు తినిపోతరనే దాస్తున్న" అని పెండ్లయినోనికి చెప్పాలె. వయసుల పెద్దోళ్లు అంటే ఎదురు చెప్పకుండ "మీ కాడనే నేర్చుకున్న కాకా" అంటే కాక నవ్వి, జేబుల చెయ్యి పెడ్తడు. బయటికి తీస్తడా లేదా అన్నది కాకను బట్టి.